హెడ్‌లైట్‌లో నీళ్ళా? గమ్ము కొనేముందు వెనక రబ్బరు చూడండి

సెప్టెంబరులో వానలు పట్టుకున్నాయంటే చాలు, చుట్టాల్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు నాకు ఫోటో పంపుతారు. కారు హెడ్‌లైట్ ఫోటో. అద్దం లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టి ఉంటుంది, లేదంటే అడుగున నీళ్ళు చేరి ఉంటాయి. కింద ఒకటే ప్రశ్న: "ఏ సిలికాన్ గమ్ము మంచిది?" ఈసారి ఆ ఫోటో మా బావమరిది పంపాడు. వైజాగ్ మర్రిపాలెంలో ఉంటాడు, గాజువాకలో ఉద్యోగం, పాత హ్యాచ్‌బ్యాక్ ఒకటి నడుపుతాడు. ఫోటో పంపేసరికే గమ్ము ట్యూబ్ కూడా కొనేశాడు. "బావా, సాయంత్రం వస్తావా, అద్దం చుట్టూ గమ్ము కొట్టేద్దాం, అరగంట పని" అన్నాడు. వస్తాను గానీ నేనొచ్చేదాకా ఆ ట్యూబ్ మూత తియ్యొద్దన్నాను.

నేను మెకానిక్‌ని కాదు. సబ్‌స్టేషన్లలో ట్రాన్స్‌ఫార్మర్ల మెయింటెనెన్స్ చూస్తాను. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువే గానీ, మూసి ఉన్న పెట్టెలోకి తేమ ఎలా వస్తుందో, ఎందుకొస్తుందో మాత్రం బాగా తెలుసు. ఉద్యోగంలో సగం అదే.

పెద్ద ట్రాన్స్‌ఫార్మర్‌ని దగ్గరగా చూస్తే పక్కన చిన్న గాజు సీసా ఒకటి వేలాడుతుంటుంది, అందులో నీలం రంగు గుళికలు ఉంటాయి. దాన్ని బ్రీదర్ అంటాం. లోడు పెరిగితే ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పైనున్న గాలి బయటికి పోతుంది. రాత్రి చల్లబడితే ఆయిల్ మట్టం దిగుతుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. వచ్చే గాలిలోని తేమను ఆ సిలికా జెల్ గుళికలు పీల్చుకుంటాయి, పీల్చీ పీల్చీ గులాబీ రంగుకు తిరుగుతాయి. అప్పుడు మారుస్తాం. ట్రాన్స్‌ఫార్మర్ ఊపిరి పీల్చకుండా ఆపాలని ఎవరూ అనుకోరు. ఊపిరి సరైన దారిలో పీల్చుతోందా లేదా అన్నదే చూస్తారు. హెడ్‌లైట్‌దీ సరిగ్గా ఇదే కథ, కాకపోతే అందులో నూనె ఉండదు.

చాలామంది హెడ్‌లైట్ అంటే పూర్తిగా సీల్ చేసిన డబ్బా అనుకుంటారు. కాదు. దానికి వెనకవైపు గాలి ఆడే దారులు కంపెనీవాళ్ళే పెడతారు. పాత మోడళ్ళలో కిందికి వంగిన చిన్న రబ్బరు గొట్టాలుంటాయి. కొత్తవాటిలో గుండ్రటి స్టిక్కర్‌లా కనిపించే పొర ఉంటుంది. గాలినీ ఆవిరినీ పోనిస్తుంది, నీటి చుక్కను రానివ్వదు. కొన్ని ఖరీదైన వానకోట్లలో వాడే జాతి పదార్థమే. అది స్టిక్కరే అనుకుని గోటితో పీకేసినవాళ్ళున్నారు. దానిమీద గమ్ము పూసినవాళ్ళూ ఉన్నారు.

దారులు ఎందుకంటే, లైటు వెలిగినప్పుడు లోపలి గాలి వేడెక్కుతుంది. 60 డిగ్రీల దాకా వెళ్ళిందనుకోండి. ఆ వేడిమీద జ్ఞానాపురం రైల్వే బ్రిడ్జి కింద నిలిచిన నీళ్ళలోకి కారు దిగితే లోపలి గాలి ఒక్కసారిగా 30 డిగ్రీలకు పడిపోతుంది. గాలి దాదాపు 9 శాతం కుంచించుకుపోతుంది. దారులన్నీ మూసేసి ఉంటే లోపల ఏర్పడే ఆ వెలితి, సుమారు 90 సెంటీమీటర్ల ఎత్తుకు నీటిని లాగగలిగేంత. ఆ లాగుడుకి ఎక్కడ సందు దొరికితే అక్కణ్ణుంచి నీళ్ళు లోపలికి వస్తాయి. మీరు గమ్ము పెట్టింది నూటికి తొంభై తొమ్మిది పాళ్ళయితే, మిగిలిన ఆ ఒక్క పాలు చాలు. అంటే మొత్తం మూసేస్తే సమస్య తగ్గదు, పెరుగుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్నమాట.

ఇక మన ఊరి గాలి సంగతి. వైజాగ్‌లో 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ అన్నది అసలు వార్తే కాదు. అలాంటి గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. హెడ్‌లైట్ లోపల 10 లీటర్ల చోటు ఉందనుకుంటే, అందులో ఆవిరి పావు గ్రాము. ఐదు చుక్కల నీళ్ళు. ఈ గాలి 26 డిగ్రీల దగ్గరకు చల్లబడితే చాలు, ఆవిరి మంచుబిందువుల్లా అద్దానికి పడుతుంది. పొద్దున్నే వాచ్‌మన్ చల్లటి నీళ్ళు కొట్టినా, సాయంత్రం వాన జల్లు పడినా అద్దం ఆ మాత్రం చల్లబడుతుంది. ఐదు చుక్కల నీళ్ళు అద్దమంతా సన్నగా పరుచుకుంటే చూడ్డానికి ఘోరంగా ఉంటుంది, మనిషికి టెన్షన్ వస్తుంది. కానీ అవి ఐదు చుక్కలే.

ఈ లెక్క నేను అందరికీ చెప్పడానికి కారణం ఉంది. గాలిలోంచి వచ్చే తేమ ఒక్కసారికి ఐదారు చుక్కలు మించదు. మీ లైటు అడుగున చెంచాడు నీళ్ళు ఊగుతున్నాయంటే అది గాలిలోంచి వచ్చింది కాదు, ఎక్కణ్ణుంచో నీరుగానే లోపలికి వచ్చింది. ఆవిరిదో జబ్బు, నీళ్ళదో జబ్బు. మొదటిది అసలు జబ్బే కాదు. చాలా కార్ల మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, చలిలో, వానలో, కడిగిన తర్వాత లోపల ఆవిరి పట్టొచ్చు, లైట్లు వేసి నడిపితే పోతుంది, లోపం కాదు అని. మన దగ్గర ఆ పుస్తకం డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండా ఉంటుంది, అది వేరే సంగతి.

తేడా కనిపెట్టడం కష్టం కాదు. రాత్రి లో బీమ్ వేసి పావుగంటో ఇరవై నిమిషాలో నడపండి. బీచ్ రోడ్డు మీద ఆర్కే బీచ్ నుంచి ఋషికొండ దాకా చాలు. ఆవిరి బల్బు ఎదురుగా ముందు తేలిపోయి, తర్వాత మూలల్లోకి జరిగి పోతుంటే అది ఊపిరి తేమ. మర్చిపోండి. అలా కాకుండా చుక్కలు చుక్కలుగా నిలబడి, కారు బ్రేకు వేసినప్పుడు ముందుకీ వెనక్కీ పారుతుంటే, అడుగున ఎండిన నీటి గీత మట్టిరంగులో కనిపిస్తుంటే, లేదా రెండు లైట్లలో ఒక్కదానికే పదే పదే వస్తుంటే అది లీకు. ఒకవైపే రావడం అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం. గాలి రెండువైపులా ఒకటే కదా.

ఎల్ఈడీ హెడ్‌లైట్లతోనే వచ్చే కొత్త కార్లకు ఒక మాట. హాలోజెన్ బల్బు, అంటే లోపలి సన్నటి తీగ వేడెక్కి వెలిగే పాతరకం, తిన్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది, అందులో చాలా మటుకు వెలుగుతోపాటే ముందుకెళ్ళి అద్దాన్ని వెచ్చబెడుతుంది. ఎల్ఈడీ వేడి వెనకున్న హీట్ సింక్ అనే లోహపు ముక్కలోకి పోతుంది, అద్దం చల్లగానే ఉంటుంది. అందుకే ఎల్ఈడీ లైట్లలో ఆవిరి ఆలస్యంగా పోతుంది. పాత కారులో పది నిమిషాల్లో పోయేది, లక్షలు పోసి కొన్న కొత్త కారులో అరగంటైనా పోవట్లేదని గొడవపడేవాళ్ళకు అసలు కారణం ఇదే. నీళ్ళు నిలవకపోతే వదిలెయ్యండి. నిలిస్తే వారంటీలో అడగండి, మీరు మాత్రం చెయ్యి పెట్టొద్దు.

మా బావమరిది కారు విషయానికొస్తే, తడి ఎడమవైపు లైటులో మాత్రమే ఉంది. అడుగున నీళ్ళున్నాయి. అద్దం అంచు చుట్టూ టార్చి వేసి చూశాను. ఎక్కడా పగులు లేదు, నల్లటి సీలు ఊడిన చోటు లేదు, క్లిప్పులన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్కడ గమ్ము పెట్టాల్సిన పనే లేదు. బానెట్ ఎత్తి వెనక చూస్తే అసలు విషయం తెలిసింది.

ఆ కారుకి కంపెనీ ఇచ్చేది హెచ్4 రకం హాలోజెన్ బల్బు, 60/55 వాట్లది (హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55). బల్బు వెనక గుండ్రంగా నల్ల రబ్బరు మూత ఒకటి ఉంటుంది. దానిమీద ఉబ్బెత్తు అక్షరాల్లో 'టాప్' అని ఉంటుంది, ఆ వైపు పైకి రావాలి. బయటి అంచు లైటు బాడీ గాడిలో కూర్చోవాలి, లోపలి అంచు బల్బు మెడను గట్టిగా పట్టుకోవాలి, మధ్యలోంచి మూడు పిన్నులు మాత్రమే బయటికి కనిపించాలి. సరిగ్గా కూర్చుంటే వేలితో నొక్కినా కదలదు.

ఇక్కడ అలా లేదు. ఆమధ్య కార్ యాక్సెసరీస్ కొట్టులో తెల్లగా మెరిసే ఎల్ఈడీ బల్బులు వేయించాడట. ఆ బల్బుకి వెనక ఫ్యాను ఉంటుంది, అది రబ్బరు రంధ్రంలో పట్టదు. కొట్టువాడు ఏం చేశాడంటే, బ్లేడుతో రంధ్రాన్ని పెద్దది చేసేశాడు. కోసిన అంచు తిన్నగా కూడా లేదు, పళ్ళు పళ్ళుగా ఉంది. ఫ్యాను చుట్టూ చిటికెన వేలు దూరేంత సందు. పైగా 'టాప్' పక్కకి తిరిగి ఉంది. రబ్బరు తీసి లోపలివైపు తిప్పితే ఎర్రమట్టి జల్లు పడిన చారలు స్పష్టంగా కనిపించాయి, కిందినుంచి పైకి. కిందినుంచి పైకి ఎందుకంటే, ఎడమ చక్రం మీద ఉండే ప్లాస్టిక్ తొడుగు క్లిప్పులు రెండు ఊడిపోయి, ముందు భాగం వేలాడుతోంది. చక్రం విసిరే నీళ్ళు నేరుగా లైటు వెనక్కి వెళ్తున్నాయి. మనం ఎడమవైపు నడుపుతాం, రోడ్డు అంచున నీళ్ళు నిలిచేదీ ఎడమవైపే. అందుకే ఎడమ లైటు ముందు పోయిందని నా నమ్మకం. కుడివైపు రబ్బరు కూడా అలాగే కోసి ఉంది మరి, కానీ తొడుగు బాగుంది, లైటు పొడిగా ఉంది.

"అద్దం కారుతోందనుకున్నాను బావా" అన్నాడు. అందరూ అలాగే అనుకుంటారు. నీళ్ళు కనిపించేది ముందు కాబట్టి కన్ను అక్కడే ఆగుతుంది. నేను చూసినంతలో, గుద్దుకోని కారుకి అద్దం సీలు ఊరికే పోవడం చాలా అరుదు. ఎక్కువసార్లు తప్పు మనుషుల చెయ్యి పడిన చోటే ఉంటుంది. అంటే బల్బు మార్చిన చోట, వెనక మూత తీసి పెట్టిన చోట, వైరు కొత్తగా లాగిన చోట.

ఇంకోటి కూడా దొరికింది. రెండు గాలి గొట్టాల్లో ఒకదాన్ని మట్టి గూడు కట్టే కందిరీగ పూర్తిగా పూడ్చేసింది. పుల్లతో పొడిస్తే ఎండిన మట్టి పలుకులుగా రాలింది. ఊపిరి దారి ఒకటి మూసుకుపోయి, రావాల్సిన చోటి నుంచి కాక కోసిన రబ్బరు సందులోంచి గాలీ నీళ్ళూ పీల్చుకుంటోందన్నమాట. గొట్టం ఊడదీసి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాం.

లైటు బయటికి తియ్యాలంటే పైన రెండు బోల్టులు, బంపర్ చాటున ఒకటి. బంపర్ ఒక పక్క కొంచెం వదులు చెయ్యాల్సి వచ్చింది. బోల్టులు పట్టే ప్లాస్టిక్ చెవులు, అంటే లగ్గులు, పాతబడితే పెళుసుగా ఉంటాయి, లాగితే విరుగుతాయి, అందుకని తొందరపడకూడదు. బ్యాటరీ నెగెటివ్ ముందే తీసేశాం. బల్బు రంధ్రం కిందికి వచ్చేలా వంచితే నీళ్ళు కారిపోయాయి. పిన్నుల కనెక్టర్‌లో పచ్చగా చిలుం కూడా మొదలైంది. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో రాగికి నీళ్ళు తగిలితే ఇంతే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దితే పోయింది.

ఆరబెట్టడం దగ్గరే అందరూ పాడుచేసుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

లోపలికి గుడ్డ పెట్టి తుడవొద్దు. బల్బు వెలుగును ముందుకు తిప్పే రిఫ్లెక్టర్ మీద మెరిసేది అల్యూమినియం పూత, మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కన్నా పలచన. తడిగుడ్డతో ఒక్కసారి రుద్దితే ఆ చోట నల్లటి మచ్చ శాశ్వతం. కొన్ని లైట్లలో అద్దం లోపలివైపు ఆవిరి పట్టకుండా పూత కూడా ఉంటుంది, స్పిరిట్ తగిలితే అదీ పోతుంది. లోపల మట్టి చేరితే డిస్టిల్డ్ వాటర్ పోసి కుదిపి వంపెయ్యండి, అంతకుమించి వద్దు. కుళాయి నీళ్ళు పోస్తే ఆరాక తెల్లటి ఉప్పు మరకలు మిగులుతాయి.

డాబా మీద ఎండలో పెడదామన్నాడు. పెట్టొచ్చు, కానీ రెండు ఇబ్బందులు. ఒకటి, ప్రొజెక్టర్ లెన్సు ఉన్న లైటు అయితే లెన్సు సూర్యుడివైపు చూడకూడదు. భూతద్దం ఎండను ఒక్కచోటికి తెస్తుంది, లోపలి ప్లాస్టిక్ కరుగుతుంది. రెండోది, మన ఎండలో వేడి ఉంటుంది గానీ గాలి తడిగానే ఉంటుంది. మధ్యాహ్నం ఆరినట్టే కనిపించి, సాయంత్రం మూత పెట్టేసరికి లోపల చేరేది మళ్ళీ ఆ తేమగాలే. నా పద్ధతి వేరు. ముందు హెయిర్ డ్రయ్యర్‌తో తక్కువ వేడిమీద, దూరంగా పట్టుకుని, బల్బు రంధ్రంలోంచి గాలి కొట్టాలి. చుక్కలు పోయాక ఏసీ గదిలో రాత్రంతా ఉంచాలి. ఏసీ గదిలో 24 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే ఆ గాలి 13 డిగ్రీలకు చల్లబడితే తప్ప నీరు కట్టదు. బయటి గాలికీ దీనికీ పోలికే లేదు. రంధ్రం మీద దోమలూ దుమ్మూ దూరకుండా పలచటి గుడ్డ కప్పి పెట్టాం. పొద్దున అదే గదిలో, ఆ పొడిగాలితోనే మూత పెట్టెయ్యాలి. పడకగదిలో మంచం పక్కన కారు లైటు చూసి మా చెల్లెలు, అంటే మా బావమరిది భార్య, "అన్నయ్యా, రేపు టైరు కూడా తెస్తారా?" అంది. మా ఆవిడ ఫోన్‌లో అంతా విని చాలాసేపు నవ్వింది.

కొత్త రబ్బరు మూత కోసం ఆటోనగర్ వెళ్ళాం. మొదటి కొట్టులో "అది విడిగా రాదు సార్, లైటు మొత్తం తీసుకోవాల్సిందే" అన్నారు. ఇలా అంటే వెంటనే నమ్మకండి. పక్క వీధిలో పాత స్పేర్లు పెట్టుకున్న పెద్దాయన బల్బు నంబరు, కారు మోడలు అడిగి, డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టాడు. "ఏటి బాబూ, ఎల్ఈడీ ఏయించేరా?" అని మా మొహాలు చూసి అడిగాడు. రోజూ ఇదే బేరమట. రెండువైపులకీ తీసుకున్నాం, చక్రం తొడుగు క్లిప్పులు కూడా. లైటు ఖరీదుతో పోలిస్తే ఆ మొత్తం లెక్కలోకే రాదు.

ఎల్ఈడీ బల్బు దగ్గర మాత్రం మా ఇద్దరికీ వాదన జరిగింది. "ఘాట్‌లో బాగా కనిపిస్తుంది బావా, మొన్న అరకు నుంచి దిగినప్పుడు..." అంటాడు. తనకి కనిపిస్తుంది, నిజమే. ఆ రిఫ్లెక్టర్ హాలోజెన్ బల్బు ఫిలమెంట్ ఎక్కడుంటుందో అక్కణ్ణుంచి వెలుగు వస్తుందని లెక్కవేసి చేసినది. ఎల్ఈడీ చిప్పులు కచ్చితంగా ఆ చోటే ఉండవు, వెలుగు చెదిరి ఎదుటివాడి కళ్ళలోకి పోతుంది. అనంతగిరి మలుపుల్లో ఎదురుగా వచ్చే బస్సు డ్రైవరు కళ్ళు మూసుకుంటే మన లైటు తెల్లగా ఉండి ఏం లాభం? పైగా హాలోజెన్ ఇచ్చే వేడే ఆ లైటుని పొడిగా ఉంచే హీటర్ కూడా. దాన్ని తీసేసి, మూత కోసేసి, ఆవిరి ఎందుకు పోవట్లేదంటే ఎలా. చివరికి మళ్ళీ హాలోజెన్‌కి మారడానికి అయిష్టంగానే ఒప్పుకున్నాడు. అందులోనూ 60/55 వాట్లది మాత్రమే వెయ్యమన్నాను. 100/90 అని అమ్మేవి వేస్తే హోల్డరూ వైరింగూ మాడతాయి. కొత్త బల్బు గాజుని వేళ్ళతో ముట్టుకోకూడదు, చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై బల్బు త్వరగా పోతుంది.

బిగించాక పరీక్ష తప్పనిసరి. లైటు కాసేపు వెలిగించి, ఆర్పి, మొక్కలకు పోసే జల్లు డబ్బాతో పైనుంచి, చక్రం వైపు నుంచి నీళ్ళు పోసి చూశాం. కాసేపటికి అద్దం మూలలో సన్నటి ఆవిరి మచ్చ పట్టింది. బావమరిది మొహం మాడిపోయింది. లైట్లు వేసి ఎన్ఏడీ జంక్షన్ దాకా వెళ్ళి వచ్చేసరికి అది లేదు. అంతే కావాల్సింది.

జనం చేసే మిగతా వైద్యాల గురించి నా అభిప్రాయం చెప్పేస్తాను. సిలికా జెల్ ప్యాకెట్లు లోపల పడెయ్యడం: మా శాఖలో సిలికా జెల్ దేవుడు, కానీ అక్కడ రంగు మారితే మారుస్తాం. చెప్పుల డబ్బాలోంచి తీసిన ప్యాకెట్ లైటులో వేస్తే రెండు రోజుల్లో నిండిపోయి, ఆ తర్వాత తడిసిన చెత్తగా మిగులుతుంది. బల్బుకి తగిలితే కాలుతుంది కూడా. కింద డ్రిల్లుతో కన్నం పెట్టడం: నీళ్ళు పోతాయి నిజమే, మరుసటి వానకి అదే కన్నంలోంచి వస్తాయి, దుమ్ముతో సహా. టూత్‌పేస్ట్: అది అద్దం బయటివైపు పసుపు పొరకి చేసే చిట్కా. ఆ పసుపు ఎండవల్ల పాలికార్బొనేట్ (ఆ అద్దం చేసిన ప్లాస్టిక్) పైపూత చెడి వచ్చేది, దానికీ తేమకీ సంబంధం లేదు. ఫెవిక్విక్ లాంటి జిగురు: దాని ఆవిరి లోపల తెల్లటి పొరగా పేరుకుంటుంది, అది ఇక పోదు. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా వద్దు. ఆరేటప్పుడు అది విడిచే ఎసిటిక్ ఆమ్లం రిఫ్లెక్టర్ పూతనీ వైరు పిన్నులనీ తింటుంది. తప్పనిసరిగా వాడాల్సి వస్తే వాసన రాని న్యూట్రల్ క్యూర్ రకం అడగండి.

నిజంగానే అద్దం సీలు పోయిన కేసులూ ఉంటాయి. గుద్దుకున్నప్పుడు లగ్గు విరిగి అద్దం కొంచెం లేచిపోతే, లేదా కొట్టులో ప్రొజెక్టర్ పెట్టడానికి లైటు విప్పి సరిగ్గా మూయకపోతే. చాలా లైట్లలో అద్దానికీ బాడీకీ మధ్య నల్లటి జిగట బ్యూటైల్ ఉంటుంది, వేడిచేస్తే మెత్తబడి విడిపోతుంది. విప్పి, పాత జిగట మొత్తం తీసి, కొత్త బ్యూటైల్ తాడు గాడిలో పరిచి, వేడిమీద నొక్కి క్లిప్పులు వెయ్యాలి. పాత బ్యూటైల్ మీదే సిలికాన్ పూస్తే సరిగ్గా అంటుకోదు. యూట్యూబ్‌లో వంటింటి ఓవెన్‌లో లైటు పెట్టి చూపిస్తారు. వేడి కాస్త ఎక్కువైతే బాడీ వంకరపోతుంది, ఆ ఓవెన్‌లో తర్వాత కేకు కూడా చెయ్యాలి కదా. కొన్ని కంపెనీల సీలు వేడికి కరగని రకం, అవి పగలగొడితే తప్ప రావు. ఈ పని బాగా వచ్చినవాడికే ఇవ్వండి, నేను చెయ్యను.

ఈ ఖర్చు ఇన్సూరెన్స్‌లో వస్తుందేమోనని కొందరు అడుగుతారు. యాక్సిడెంట్‌లో పగిలితే క్లెయిమ్ వస్తుంది, కానీ హెడ్‌లైట్ ప్లాస్టిక్ కిందికే వస్తుంది. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు 50 శాతం తరుగుదల పోతుంది, తరుగుదల కొయ్యని జీరో డిప్రిసియేషన్ పాలసీ ఉంటే వేరు. ఊరికే తేమ పట్టిందంటే అది యాక్సిడెంట్ కాదు, డబ్బులివ్వరు.

కార్ వాష్ గన్నుతో కడిగించేటప్పుడు లైటు అంచుల్లోకి, బానెట్ ఎత్తి వెనక్కి నేరుగా కొట్టొద్దని చెప్పండి. దూరం నుంచి వచ్చి వెంటనే, లైట్లు వేడిగా ఉన్నప్పుడు అసలే కడగొద్దు. భీమిలి వైపు తిరిగొచ్చాక ఉప్పు వదలాలని కడుగుతారు, మంచిదే, పావుగంట ఆగి కడగండి. ఫాగ్ లైట్లు మరీ కింద ఉంటాయి కాబట్టి గుంటలో దిగగానే మునిగేవి అవే. గాజు అద్దం ఉన్నవైతే ఆ చల్లటి దెబ్బకి పగులుతాయి కూడా. నీళ్ళున్న దారిలో వెళ్తున్నారని తెలిస్తే ముందే వాటిని ఆర్పెయ్యండి.

వెనక లైట్ల సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ నాకు వాటి మీదే ఎక్కువ అనుమానం. అక్కడ లైటుకీ బాడీకీ మధ్య స్పాంజి గ్యాస్కెట్ ఉంటుంది. ఏళ్ళ తరబడి నొక్కుకుని పలచబడిపోతుంది, నీళ్ళు లైటులోకే కాదు, డిక్కీలో స్టెప్నీ గుంటలోకీ దిగుతాయి. డిక్కీలో ముక్కవాసన వస్తే కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూడండి. బల్బు హోల్డర్ దగ్గర తుప్పు పడితే ఎర్త్ (కరెంటు కారు బాడీలోంచి తిరిగి వెళ్ళే దారి) సరిగ్గా అందదు. అప్పుడు కరెంటు ఇంకో బల్బులోంచి దారి వెతుక్కుంటుంది. బ్రేకు నొక్కితే ఇండికేటర్ మసక మసకగా వెలుగుతుంది, ఇండికేటర్ వేస్తే పార్కింగ్ లైటు దాంతోపాటు కొట్టుకుంటుంది. బల్బు పోయిందని కొత్తది మారుస్తూ పోతారు, బల్బుది తప్పే కాదు. ఎర్త్ బోల్టు విప్పి, గరుకు కాగితంతో మెరిసేదాకా గీకి, బిగించాక పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాసి, గ్యాస్కెట్ కొత్తది వేస్తే చాలు. రాత్రిపూట ఇంట్లోవాళ్ళని కారు వెనక నిలబెట్టి, మీరు బ్రేకు నొక్కి, రెండువైపులా ఇండికేటర్లు వేసి ఏమేం వెలుగుతున్నాయో అడగండి. ఒకవైపు ఒకలా, ఇంకోవైపు ఇంకోలా చెప్తే మసకగా ఉన్న వైపు హోల్డర్ నుంచి మొదలుపెట్టండి.